ఏడో నంబరు బల్ల

మా ఊరి ధాన్యం హాలుకు కప్పంతా గాజే. గాజు ఉత్తరం వైపుకే వాలి ఉంటుంది. ఎండ నేరుగా పడితే ఎర్ర గోధుమ కూడా ఖరీదైన తెల్ల గోధుమలా మెరిసి మోసం చేస్తుందని, కట్టించిన వర్తకులు అలా కట్టించారు. ఇనుప స్తంభాల మధ్య నలభై బల్లలు. వర్తకుడికొకటి, దాని మీద ఇత్తడి నంబరు. వెలుతురు అన్నిటికంటే బాగా పడేది ఏడో నంబరు మీద. ముప్పై ఏళ్లుగా అది జొసాయా కెరిడ్జ్‌ది.

కెరిడ్జ్‌కు చూపు పోయి ఏడాదిన్నర అయింది. ఆ సంగతి అతని గుమాస్తా రూబెన్ క్యాచ్‌పోల్‌కే తెలుసు. ఎవరైనా సంచి విప్పితే కెరిడ్జ్ గింజలు అరచేతిలో పోసుకునేవాడు. వాసన చూసి, ఒకటి కొరికేవాడు. తడి, బూజు, మొలక అన్నీ తెలిసిపోయేవి. తెలియనిది రంగొక్కటే. అందుకు రూబెన్ పెన్సిల్‌తో బల్ల మీద తట్టేవాడు. ఒకసారి తడితే తెలుపు, రెండుసార్లు తడితే ఎరుపు. సరుకు తన కళ్లతో చూసి కొనలేనివాడికి బల్ల ఉండదన్నది హాలు నియమం. బల్ల లేకపోతే కెరిడ్జ్‌కు వ్యాపారం లేదు.

గురువారం మా హాలుకు సంత రోజు. 1879 అక్టోబరులో ఒక గురువారం, పదకొండింటికి బేరాలు మొదలయ్యే గంట మోగింది. పన్నెండో నంబరు వర్తకుడు గారడ్ మచ్చు గింజల చిన్న సంచితో ఏడో నంబరు ముందు నిలబడ్డాడు. వెనక మేం పది మంది వర్తకులం. ఏం జరగబోతోందో గారడ్ మాకు పొద్దున్నే చెప్పాడు.

“కెరిడ్జ్ గారూ, రెండొందల బస్తాలున్నాయి. మీరు చూసి చెప్పిందే ధర. మీ కన్నుగప్పిన గింజ సఫోక్ జిల్లా మొత్తంలో లేదుగా.”

“పొగడ్తలెందుకయ్యా? గింజలు చేతిలో పొయ్యి.”

కెరిడ్జ్ వాసన చూశాడు. కొరికాడు. “బాగా ఆరింది. గట్టి గింజ.”

“మరి రంగు?”

రూబెన్ ఒకసారి తట్టాడు.

“తెలుపు. ఇంత తెల్లటిది ఈ ఏడు హాలుకు రాలేదు.”

“వెలుతురుకు పట్టి ఇంకోసారి చూడండి.”

కెరిడ్జ్ అరచెయ్యి గాజు వైపు ఎత్తాడు. “నాకు చెబుతావేంటయ్యా? తెలుపే.”

చేతిలో ఉన్నవి ఇటుక రంగు గింజలు. ముందు గారడ్ నవ్వాడు. తర్వాత మేమంతా నవ్వాం. కెరిడ్జ్ చెయ్యి ఇంకా పైనే ఉంది.

“రూబెన్, ఒకసారే తట్టావు కదోయ్?”

“ఒకసారేనండీ.”

“ఎందుకూ?”

“గారడ్ గారు నన్ను భాగస్తుడిగా తీసుకుంటానన్నారండీ. బల్ల నా పేరు మీదే.”

“ముసలాయన్ని కూర్చోబెట్టండ్రా,” అన్నాడు గారడ్. “కుర్చీ ఏ రంగుదో మాత్రం అడక్కండి.”

బల్ల కెరిడ్జ్ నుంచి తీసి రూబెన్‌కిస్తూ హాలు కమిటీ ఆ సాయంత్రమే తీర్మానం చేసింది.

మరుసటి గురువారం కెరిడ్జ్ వచ్చాడు. గురువారం ఇంట్లో కూర్చోవడం అతనికి చేతకాదు. స్తంభాలు తడుముకుంటూ ఏడో నంబరు దాకా నడిచాడు. రూబెన్ పెదాల మీద వేలుంచి మమ్మల్ని ఆపాడు. గింజలేవీ లేకుండానే పెన్సిల్‌తో రెండుసార్లు తట్టాడు.

కెరిడ్జ్ ఆగి, తల ఎత్తాడు.

“ఎరుపు,” అన్నాడు.

క్రిస్మస్ దాకా అతను ప్రతి గురువారం వచ్చాడు. రూబెన్ ప్రతిసారీ తట్టాడు. కెరిడ్జ్ ఒక్కసారీ తప్పు చెప్పలేదు.