బియ్యపుగింజంత గడ్డ

కొరియాలోని మోక్పో రేవు బజారులో బోక్‌సిమ్ కేక వినపడితే చాలు, చేపల బుట్ట దిగిందని వీధి వీధంతా తెలిసిపోయేది. మొగుడు పోయాక ఆ కేకతోనే కొడుకును పెంచి పెద్దచేసింది. అలాంటి మనిషికి నొప్పీ నలతా లేకుండానే రోగం వచ్చిపడింది, అదీ కానుకగా! తల్లిదండ్రుల పండుగకు కోడలు యున్‌హీ ఆసుపత్రిలో ఒళ్లంతా పరీక్ష చేయించింది. గుండె చూశారు, పొట్ట చూశారు. మెడ మాత్రం కొసరుగా చూశారట.

"థైరాయిడ్ గ్రంథిలో బియ్యపుగింజంత గడ్డ ఉందమ్మా. క్యాన్సరే. తీసేద్దాం" అన్నాడు డాక్టరు నవ్వుతూ.

"నాకేం బాధ లేదు కదయ్యా?"

"అందుకే అదృష్టవంతులంటున్నా. ముందే దొరికింది."

ఆ సాయంత్రం ఊరి ఆడవాళ్లంతా కలిసి స్నానం చేసే స్నానశాలలో వేడినీటి తొట్టిలో దిగి చూస్తే, చుట్టూ ఉన్న ఆడవాళ్ల మెడల మీద అడ్డంగా కోతగాట్లే. బోక్‌సిమ్ గడ్డం దాకా నీళ్లలోకి జారింది. ఛీ, మనుషులా, కోళ్లా?

"ఏం అక్కా, నీకూ హారం వేస్తున్నారా?" ఎండుచేపలమ్మే చమ్‌నే తన గాటు తడుముకుంటూ ఇకిలించింది.

"ఊరందరికీ ఒకేసారి రావడానికి ఇదేమన్నా జలుబుటే?"

"వెతుకుతున్నారు, దొరుకుతోంది!"

"మరి నా గొంతుకేమన్నా అయితే?"

"ప్రాణం పోయాక గొంతుతో ఏం చేసుకుంటావు?"

ఇంటికొస్తే కోడలి ఏడుపు. "అత్తయ్యా, తెలిసి తెలిసి వదిలేస్తే రేపు ఆయనకు నా మొహం ఎలా చూపించను?" ఆ ఏడుపు చూడలేక బోక్‌సిమ్ సరేనంది.

గడ్డ తీశారు. దాంతోపాటు గొంతు నరమూ దెబ్బతింది. ఇప్పుడామె నోరు తెరిస్తే గాలే వస్తుంది. బుట్ట ముందు మూగగా కూర్చుంటే, పక్కవాళ్లు కేకలేసి బేరాలన్నీ తన్నుకుపోతున్నారు.

కొన్నేళ్లకు థైరాయిడ్ మాత్రలు రాయించుకోవడానికి వెళితే, అదే డాక్టరు అదే నవ్వుతో తీరిగ్గా చెప్పాడు.

"ఇప్పుడైతే ఇంత చిన్నవాటిని కొయ్యడం లేదమ్మా. చాలామంది మెడల్లో ఉంటాయివి. చచ్చేదాకా ఏమీ చెయ్యవు. ఊరికే చూస్తుంటాం, అంతే."

బోక్‌సిమ్‌కి ఒళ్లు మండిపోయింది. ఆ నవ్వు మొహం మీద ఉమ్మాలన్నంత రోత పుట్టింది. తాగొచ్చిన పడవవాళ్లను సైతం పరుగెత్తించిన బజారు తిట్లన్నీ ఒక్కసారిగా నోటిదాకా వచ్చాయి. లేచి నిలబడి, బల్ల మీద గుద్ది, నోరు తెరిచింది. బుస్సుమని గాలి వచ్చింది.

డాక్టరు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు.

"ఏంటమ్మా? కాస్త గట్టిగా చెప్పండి."