అట్ట మీది మొహం

డాక్టరమ్మ గుండె ఆసుపత్రిలో పనిచేస్తుంది గానీ మందులు రాసే డాక్టరు కాదు. గుండెజబ్బు వచ్చినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, దిగులు ఎలా దించుకోవాలో, సిగరెట్టు ఎలా వదులుకోవాలో ఓపిగ్గా చెప్పే మనస్తత్వ నిపుణురాలు. ఆ చెప్పినవన్నీ మూడు పుస్తకాలుగా వేస్తే మూడూ ఇట్టే అమ్ముడుపోయాయి. నాలుగోదాని పేరు ‘నిమ్మళం’. రెండువందల పేజీలూ అచ్చుకు సిద్ధం. ఒక్క అట్టే మిగిలింది.

ఈసారి అట్ట మీద రచయిత్రి మొహం ఉండాలని ప్రచురణకర్త పట్టుబట్టాడు. “పేరు నిమ్మళం కదండీ, మొహంలో అది కనిపించాలి. సాయంత్రం నాలుగింటికల్లా ఫొటో పంపండి” అన్నాడు. తంటా అంతా అక్కడే వచ్చింది. ఎదుటివాళ్ల మొహం చదవడంలో దిట్టే గానీ, కెమెరా ముందు తన మొహాన్ని ఏం చెయ్యాలో ఆమెకు చిన్నప్పటినుంచీ తెలియదు. అప్పటికి రెండు స్టూడియోలు అయ్యాయి. మొదటి ఫొటోలో ఆముదం తాగినట్టుంది. రెండోదాంట్లో ఎవరో తాగించబోతున్నట్టుంది.

మూడో స్టూడియోకి అత్తగారు తోడొచ్చింది. ఆవిడ చేసేది మాటసాయమే. దానికి మాత్రం కరువు లేదు.

ఫొటోగ్రాఫరు నెరిసిన తల మనిషి. బూడిదరంగు తెర ముందు స్టూలు వేసి, “మామూలుగా కూర్చోండమ్మా” అన్నాడు.

మామూలుగా కూర్చోవడం ఎలాగో డాక్టరమ్మ తన రెండో పుస్తకంలో ఒక అధ్యాయమే రాసింది. అందులో ఉన్నదంతా వరుస తప్పకుండా చేసింది. భుజాలు వదులు చేసింది. మెడ అటూ ఇటూ తిప్పింది. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదిలింది. సరిగ్గా అయిదో అంకె దగ్గర ఆయన కెమెరా నొక్కాడు.

“ఇందులో కొవ్వొత్తి ఆర్పుతున్నావమ్మాయ్” అంది అత్తగారు, కెమెరాలోకి తొంగిచూసి.

ఇష్టమైన చోటు తలుచుకుంటే మొహం విచ్చుకుంటుందని మూడో పుస్తకంలో ఉంది. తలుచుకుంది. ఇష్టమైన చోటంటే ఆమెకు ఇంట్లో మంచమే. కళ్లు మూతలు పడ్డాయి.

ముప్పై ఫొటోలయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. గోడ గడియారం మూడు దాటింది. “అయిపోయిందమ్మా, ఇక లేవండి” అంటూ ఫొటోగ్రాఫరు కెమెరాతో సహా రెండడుగులు వెనక్కి జరిగాడు.

డాక్టరమ్మ లేవలేదు. కాలికి కరుస్తున్న చెప్పులు విడిచి, జడలోని పిన్నులు పీకి ఒళ్లో పడేసుకుంది. ఆమెకు సిగ్గుగా ఉంది.

“అత్తయ్యా, పుస్తకం ఆపెయ్యమని ఫోన్ చేసేస్తాను.”

“ఫొటో కుదరకపోతే పుట్టి మునిగిందా ఏమిటి?”

“ఫొటో గురించి కాదు. ఒక్క క్షణం నిమ్మళంగా కూర్చోలేనిదాన్ని, రెండువందల పేజీలు ఏ మొహం పెట్టుకుని రాశాను? ఎదుటివాళ్లకి చెప్పడానికేనా నీతులు? రేపు వార్డులో వాళ్లందరూ నా మాట నమ్మి కూర్చుంటారు.”

కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈసారి నాలుగూ ఆరూ లెక్కపెట్టడం గుర్తుకు రాలేదు.

అత్తగారు తీరిగ్గా సంచిలోంచి ఒక బిస్కెట్టు తీసింది. ఆవిడకు షుగరుంది. కోడలి కంటపడకుండా, ఆ కార్యక్రమం ఇన్నాళ్లూ వంటింటి తలుపు చాటున జరిగేది.

“నీ పుస్తకాలు మూడూ రెండేసిసార్లు చదివాను. ఇది మానేశానా? లేదు. కానీ నాలుగు తినేదాన్ని ఒకటికి దిగాను. ఇదివరకు ఒకటి తినగానే, ‘ఛీ, నాదీ ఒక బతుకేనా, నోరు కట్టుకోలేను’ అని తిట్టుకునేదాన్ని. ఆ దిగులుతో ఇంకో మూడు లాగించేదాన్ని. తప్పిన రోజున తిట్టుకోకు, మర్నాడు మళ్లీ మొదలుపెట్టు అని నువ్వే రాశావు కదుటే. తిట్టుకోవడం మానేశాను, బిస్కెట్లు వాటంతటవే తగ్గాయి. ఊళ్లోవాళ్లందరికీ పనికొచ్చిన మాట నీకొక్కదానికే పనికిరాకుండా పోయిందా?”

ఆ మాట డాక్టరమ్మ ఆసుపత్రిలో రోజుకు పదిసార్లు చెబుతుంది. తనకు తాను చెప్పుకున్న రోజు ఒక్కటీ గుర్తులేదు. కళ్లు తుడుచుకుని అంది:

“అంటే ఇప్పటికీ రోజుకొకటి తింటున్నారన్నమాట.”

“తింటున్నాను. నన్ను నేనే తిట్టుకోవడం లేదు, మధ్యలో నువ్వెవరివి?”

డాక్టరమ్మ పకపకా నవ్వింది. భుజాలు వాటంతటవే దిగాయి. టిక్కుమని చప్పుడైంది.

“ఇప్పుడు నిజంగా అయిపోయింది” అన్నాడు ఫొటోగ్రాఫరు. “ఫొటో అయిపోయిందని చెప్పాకే మనుషులు తమ మొహం తాము పెట్టుకుంటారమ్మా. ముప్పై ఏళ్లుగా నా పద్ధతి ఇదే. అంతకు ముందు తీసినవన్నీ మీరు అలిసిపోవడానికి.”

ముగ్గురూ వంగి చూశారు. జుట్టు రేగి ఉంది. కళ్లలో ఇంకా తడి ఉంది. చూపు కెమెరా వైపు లేనే లేదు. కానీ ఆ మొహాన్ని చూస్తే ఎవరైనా వచ్చి పక్కన కూర్చుని తన కష్టం చెప్పుకుంటారు. మూలన ముడతలు పడ్డ చెయ్యొకటి, సగం కొరికిన బిస్కెట్టుతో సహా పడింది.

“ఆ చెయ్యి కత్తిరించేస్తాను” అన్నాడాయన.

“వద్దండీ. అలాగే పంపండి” అంది డాక్టరమ్మ. “ఎవరైనా అడిగితే, నా పుస్తకాలు చదివిన మనిషి చెయ్యి అని చెబుతాను.”

అత్తగారు మిగిలిన సగం నోట్లో వేసుకుని, సంచిలోని బిస్కెట్ల పొట్లం తీసి కోడలి ఒళ్లో పిన్నుల మీద పెట్టింది.

“ఇవాళ్టిది అయిపోయింది. ఇక దాచే పని నీదే. ఎక్కడ దాచావో మాత్రం నాకు చెప్పకు.”