హారతికి ముందు

దేవుడి పటం మా వాడ ముందు నుంచే పోయింది. ఆగలేదు.

ఇబ్రహీంపట్నంలో మా మాదిగవాడను ఆనుకుని వెంచర్ కాలనీ లేచింది. అక్కడి సోమవారం భజన వారానికొక ఇంట్లో. ఎవరింట్లో భజనో పటం వాళ్లింటికి వస్తుంది. నేనూ అందులో చేరాను. ఆ వారం వంతు నాది. ఇల్లు కడిగి చాపలు పరిచాను. మా కుండలో నీళ్లు తాగరేమోనని సీలు తీయని బాటిళ్లు తెప్పించాను. నా బిడ్డ చిన్ని తాళాలు పట్టుకుని గడప మీద కూర్చుంది.

పోయిన వారం తనింట్లో భజన చేయించిన నవత, పటం ఒళ్లో పెట్టుకుని కారులో వచ్చింది. మమ్మల్ని దాటి మంగాయమ్మ గారింటికి పోయింది.

ఫోన్ చేశాను. మంగాయమ్మ గారు భజన పెద్ద. అందరూ ఆ దేవుడి బిడ్డలేనంటూ చిన్నిని ఒళ్లో కూర్చోబెట్టుకుని తాళం నేర్పిన మనిషి.

"నీమీద ప్రేమ లేక కాదు భూలక్ష్మీ. పసిపిల్లతో నీకెందుకమ్మా శ్రమ? మిగతావాళ్లు కూడా ఏదో అనుకుంటున్నారు. నువ్వే ఇక్కడికి వచ్చెయ్యి."

మెత్తగా గొంతు కోసింది.

నా భర్త నవ్వాడు. "చెప్పిన కదనే. వాళ్ల దేవుడు మన గల్లీకి రాడు. ఇడిసిపెట్టు."

"వాళ్ల దేవుడేంది, జాగీరా? ప్రేమ ప్రేమ అని మస్తు పాడిండ్రు గదా. గా ప్రేమనే అడుగుత. పటం ఇంట్లకొచ్చేదాక ఇడువ."

వాడ ఆడవాళ్లు గుమిగూడారు. సగం మంది ఆ కాలనీలో అంట్లు తోమేవాళ్లే.

"మనం తోమిన గిన్నెల్ల ప్రసాదం వండుతరు. మనింటికొస్తె మైలనా?"

"నడువుండ్రి, ఆడ్నే కూసోని పాడుదాం!"

"బాటిళ్లెందుకే భూలక్ష్మీ? మన కుండ పట్టు!"

సిగ్గేసింది. కుండ నెత్తికెత్తుకున్నాను. చిన్నిని చంకనేసుకున్నాను.

మంగాయమ్మ గారి గేటు ముందు కుండ దించి, రోడ్డు మీదే కూర్చుని పాట ఎత్తుకున్నాం. లోపలి పాట ఆగింది. నవత కిటికీ పరదా తీసి నన్ను చూసింది. మళ్లీ వేసేసింది. కాసేపటికి పోలీసు జీపు వచ్చింది. పిలిచింది ఎవరని అడగలేదు. గేటు వెనక నిలబడ్డ మంగాయమ్మ గారి చేతిలో ఫోన్ ఉంది.

చిన్నిని హత్తుకున్నాను.

"లేవుండ్రి! భజనలు ఇండ్లల్ల చేస్కోండ్రి," ఎస్సై గద్దించాడు.

"గందుకే ఒచ్చినం సార్. పటం ఇప్పియ్యుండ్రి," అన్నాను.

"పిల్ల కోసమైనా లే అమ్మా," గేటు వెనక నుంచి మంగాయమ్మ గారు.

"ఎట్ల లేస్తమమ్మా? హారతి పాడకముందు భజనల నుంచి లేవొద్దని మీరే నేర్పిండ్రు."

"అయితే గా హారతేదో పాడి కదలుండ్రి!" ఎస్సై అరిచాడు.

లాఠీ కుండకు తగిలింది. నీళ్లు గేటు కింద నుంచి ఆమె వాకిట్లోకి, ముగ్గు మీదికి పారాయి.

అందరూ నా వైపు చూశారు. చిన్ని తాళం వేసింది.

నేను హారతి ఎత్తుకోలేదు. మొదటి పాటే మళ్లీ ఎత్తుకున్నాను. వాడంతా గొంతు కలిపింది.