నలుగురి తిండి

“పప్పు ఇంత చిక్కగ ఎందుకు చేసినవ్?” అన్నాడు ఆయన, అన్నం కలుపుకుంటూ. కోపంగా అనలేదు. మా ఆయన భానుచందర్ ఎప్పుడూ ఏదీ కోపంగా అనడు. అంతకు ముందు రోజే నాకు వాట్సాప్‌లో ఏదో పేజీ పంపించాడు. నలుగురున్న ఇంటికి నెలకు తిండి ఖర్చు ఎంతలో ఉండాలో అందులో రాసి ఉంది. కింద ఆయన ఒక్క ముక్క జోడించాడు. “మనది ఎంతుందో చూసుకో.” చూసుకున్నాను. మాది దాదాపు సగం ఎక్కువ.

అప్పటి నుంచి నాకు నెల మొదటి ఆదివారం అంటే భయం పట్టుకుంది. టిఫిన్ అయ్యాక ఆయన ఫోన్ ముందు పెట్టుకుని సరుకుల బిల్లులు పైకి చదివేవాడు. “నూనె. మళ్ల నూనె. పాలు ఇన్నా?” ప్రతిదానికీ కాసేపు ఆగి నా వైపు చూసేవాడు. నేను వంటింటి గడప దగ్గర నిలబడి పొడి చేతుల్నే కొంగుకు తుడుచుకుంటూ ఉండేదాన్ని. కొట్టడు, తిట్టడు. అదే ఎవరికీ చెప్పుకోలేని సంగతి. ఏమని చెప్పాలి, మా ఆయన బిల్లు చదువుతాడని చెప్పాలా? ఒకసారి మా అన్నకు ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, “బావా, మీ చెల్లెకు లెక్కలు రావు, ఇల్లెట్ల నడుపుతదో ఏమో” అని నవ్వాడు. ఏమనాలో తెలియక అన్న కూడా నవ్వాడు. నేను హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు లెక్కలే చెబుతాను. నా జీతం పడిన రోజే ఫ్లాటు వాయిదాకు పోతుంది. అది ఎవరి కంటికీ ఆనదు. పొయ్యి మీద ఉడికేదంతా ఆయన డబ్బన్నట్టే ఉండేది మా ఇంట్లో.

మామయ్య పోయాక అత్తమ్మను మా దగ్గరికి తెచ్చుకున్నాం. పాలకుర్తి అవతలి ఊళ్లో వాళ్ల ఇల్లు వానలకు కూలిపోయింది. మా అత్తమ్మ సమ్మమ్మ అంటే ఆ ఊళ్లో పదిమందికి వండి పెట్టిన మనిషి. మా ఫ్లాటులో మాత్రం ఫ్రిజ్ తలుపు తీయడానికి కూడా నన్ను అడిగేది. ఒక ఆదివారం ఆయన ఫోన్ పక్కన పెట్టి, “పోయినేడు ముగ్గురమున్నప్పుడు ఇంత కాకపోతుండె” అన్నాడు. అత్తమ్మ బాల్కనీలో చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. ఆమె చేతులు ఆగిపోవడం చూశాను. నేను చూశానని ఆమెకూ తెలిసింది. ఇద్దరం తల దించుకున్నాం.

ఎక్కువైన సగం ఎక్కడిదో నాకు అంతు పట్టలేదు. దొరికిన దగ్గర తగ్గించాలనుకున్నాను. నా బడిలోనే చదివే మా పాపకు తగ్గించలేను, ఆయనకు తగ్గిస్తే అడుగుతాడు, అత్తమ్మది చక్కెర జబ్బు. మిగిలింది నేను. బడికి డబ్బా పట్టుకుపోవడం మానేశాను. సోమవారం శివుడని, మంగళవారం హనుమంతుడని, గురువారం సాయిబాబా అని స్టాఫ్‌రూములో చెప్పేదాన్ని. “ఇన్ని ఒక్కపొద్దులు ఎందుకే వినోదా, దేవుళ్లకే విసుగొస్తది” అనేది నా పక్క కుర్చీ స్నేహలత. మధ్యాహ్నం క్లాసులో ఒక్కోసారి బోర్డు మీద అంకెలు కదిలేవి. పిల్లల ముందు పడిపోతానేమోనని బల్ల అంచు పట్టుకుని పాఠం చెప్పేదాన్ని. పడిపోతే ఉద్యోగం తీసేస్తారేమో, తీసేస్తే వాయిదా ఎట్లా, అప్పుడు ఆయన ఇంకేం చదువుతాడో అని ఒకదాని వెనక ఒకటి భయాలు. మూడు నెలలు అట్లా గడిచాయి. ఖర్చు తగ్గలేదు. కిందటి నెల లెక్కల ఆదివారం ఆయన, “ఈసారి ఇంకా పెరిగింది, మంచిదే” అన్నాడు మెల్లగా.

శనివారం ఒంటిపూట బడి. పాపా నేనూ వచ్చేసరికి తలుపు గడియ వేసి లేదు. అత్తమ్మ వంటింట్లో నేల మీద, అలమరకు ఆనుకుని కూర్చుని ఉంది. రవిక చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. “అత్తమ్మా” అంటే కళ్లు తెరిచింది కాని నన్ను గుర్తుపట్టినట్టు లేదు. పాప ఏడుపు అందుకుంది. గ్లాసు నీళ్లలో చక్కెర కలిపి కొంచెం కొంచెంగా తాగించాను. చూపు నిలిచాక, పక్క ఫ్లాటు ఆమె సాయంతో కిందికి దింపి ఆటో ఎక్కించాను. దారిలో అత్తమ్మ నా మణికట్టు పట్టుకుని ఒకటే మాట. “దవాఖానకు వద్దు బిడ్డా. వానికి చెప్పకు.”

డాక్టరమ్మ వేలు గుచ్చి చూసి, గ్లూకోజు పెట్టించి, “షుగర్ మాత్ర వేసుకుని అన్నం తినలేదా?” అని అడిగింది. అత్తమ్మ గోడ వైపు తిరిగింది. “ఎన్ని రోజుల నుంచి ఇట్లా?” అని నన్ను అడిగింది. ఇంట్లో ఉండే కోడలిని, నాకు తెలియదు.

ఆమె వెళ్లాక అత్తమ్మే చెప్పింది. “పొద్దుగాల చాయ తాగుత. మూడు నెలల సంది పగటికి తింటలేను. మీరు బడికి పోయినంక ఎవరు చూస్తరు? నేనొచ్చినంకనే ఖర్చు పెరిగిందన్నడు గదా. ఊర్లె ఇల్లు గూడ లేదాయె. పొమ్మంటె యాడికి పోను?”

“నన్నొక్క మాట అడగకపోతివి అత్తమ్మా.”

“నువ్వు మాత్రం తింటానవా? నీ డబ్బ తడి గాక ఎన్ని రోజులాయె. నాకు తెల్వదా.”

నాకు ఏడుపు రాలేదు. అంతకంటే పెద్ద భయం వేసింది. ఒకే వంటింట్లో ఇద్దరం, ఒకరికి తెలియకుండా ఒకరం ఆకలితో తిరిగాం. ఇంకాసేపు ఆలస్యమైతే ఈమె నాకు దక్కేది కాదు. ఇద్దరం మానేసినా ఆ ఖర్చు పెరిగిందంటే, మరి ఎవరు తింటున్నట్టు? మూడు నెలల్లో ఒక్కసారి కూడా ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఆయన పొద్దున్నే తినే బాదంపప్పు, ఓట్సు. రోజూ అర డజను గుడ్లు పగలగొట్టి తెల్లసొన ఆయనకు వేసి, పచ్చసొన ఎవరికో ఒకరికి సర్దడం. శనివారం శనివారం ఆయన స్నేహితులకు నేను వేయించే చికెను, జీడిపప్పు, సోడాలు. చెప్పేది ఆయన, మోసుకొచ్చేది నేను. నేను తెచ్చాను కాబట్టి అది నా ఖర్చు.

సాయంత్రం ఇంటికి తిరిగి వస్తుంటే ఆటోలో ఉండగా ఆయన ఫోన్ చేశాడు. “ఓంప్రకాశ్ వస్తాండు. రెండు కిలోల చికెన్ తెచ్చి ఫ్రై చెయ్. కారం ఎక్కువెయ్యకు.” దవాఖాన మాట చెప్పబోయాను, అప్పటికే పెట్టేశాడు. సుబేదారి మూల మీద చికెన్ షాపు కనిపించగానే అలవాటుగా, “అన్నా, జర ఆపు” అన్నాను. ఆటో ఆగింది. అత్తమ్మ తల నా భుజం మీద ఉంది. పాప ఆమె చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “వద్దులే, పోనియ్యి” అన్నాను.

ఇంటికి వచ్చి అన్నం వండాను. చిక్కగా పప్పు చేశాను. గుడ్లు ఉడకబెట్టాను, తెల్లసొనా పచ్చసొనా విడదీయకుండా. ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. అత్తమ్మ ఆ ఇంట్లో బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదటిసారి. సగం తినేసరికి ఆయన వచ్చాడు. వెనక గుమ్మంలో ఓంప్రకాశ్ బూట్లు విప్పుతున్నాడు.

“చికెనేది?”

“తేలేదు.”

“ఎందుకు?” అన్నాడు ఆయన. ఆదివారం నాటి గొంతే, మెత్తగా. చేతిలో ముద్ద పళ్లెంలోనే పెట్టేశాను. అబద్ధం చెబితే తప్పించుకోవచ్చని, ఆ నిమిషంలో కూడా నాకు అనిపించింది.

“అత్తమ్మ పడిపోయింది. దవాఖానకు పోయొచ్చినం” అన్నాను. “మూడు నెలల సంది అత్తమ్మ పగటికి తింటలేదు. నేనూ తింటలేను. నువ్వు పంపిన లెక్కకు భయపడి ఇద్దరం మానేసినం. అయినా ఖర్చు పెరిగిందన్నవ్. నలుగుర్ల ఇద్దరు తినకపోతే ఎట్ల పెరిగిందో, రేపు ఆదివారమే గదా, కూసోని చెప్పు.”

ఆయనను నువ్వు అనడం అదే మొదటిసారి. ఓంప్రకాశ్ విప్పిన బూటు మళ్లీ తొడుక్కున్నాడు. ఆయన తల్లి వైపు చూశాడు, ఆమె కాదంటుందని.

అత్తమ్మ కొడుకు వైపు చూడలేదు. పళ్లెం నా ముందుకు జరిపి, “ఇంకింత అన్నం పెట్టు బిడ్డా, ఆకలైతాంది” అంది.