అత్త పోసిన నీళ్ళు

మా పేటలో ఆడపిల్లకి ఏం జరిగినా మొదటి కబురు మేనమామకే వెళ్ళాలి. చెవులు కుట్టించినా, పెద్దమనిషైనా, పెళ్ళి కుదిరినా ముందు నిలబడేది ఆయనే. అందుకే నేనూ మా అన్న వీరన్నకే ఫోన్ చేశాను. ఆ చెయ్యి విరిగిపోయినా బాగుండేది.

నా కూతురు కీర్తన రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. నిన్న సాయంత్రం వచ్చి జ్వరమని ముసుగుతన్ని పడుకుంది. తెల్లారాక నోరు విప్పింది. అందరూ వెళ్ళాక షెడ్డులో ఒకడు బలవంతం చేశాడట. వాడెవడే అంటే పేరు చెప్పలేదు.

అన్న వెంటనే ఆటో వేసుకుని వచ్చాడు. మా పేటకి కులపెద్ద కూడా ఆయనే. ఆయన్ని చూడగానే నాకు కొండంత ధైర్యం వచ్చింది.

"ఏడవకు సెల్లీ, నాను లేనా? నానూ మీ వదినా పిల్లని ఆస్పత్రికి తీసుకెల్తాం. నువ్వు హార్బర్‌కెల్లి బావకి కబురెట్టు."

నా భర్త రాము వేటలో ఉన్నాడు. అంత దూరం సముద్రంలోకి ఫోన్లు అందవు, బోటు ఓనరు దగ్గరున్న వైర్‌లెస్ సెట్టులోనే పిలవాలి. "ముందు డాక్టరు, తరవాతే ఏదైనా" అని అన్న చేతులు పట్టుకుని మరీ చెప్పాను. ఇలాంటప్పుడు మూడు రోజులు దాటితే కొన్ని మందులు పనిచెయ్యవని మా ఆశా కార్యకర్త ఒకసారి చెప్పింది.

కబురు పెట్టించి ఆస్పత్రికి పరుగెత్తాను. వాళ్ళు అక్కడికి రానేలేదు. ఫోన్ ఎత్తలేదు. అన్న ఇంటికి వెళ్ళాను.

కీర్తన తడి జుట్టుతో, ఒంటినిండా పసుపుతో, కొత్త చీరలో గోడకి ఆనుకుని కూర్చుంది. దాని చుడీదారు ఉతికి తాడు మీద ఆరేశారు. ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"ఏటిది వదినా?"

"మైల పోవాలి కదా కాంతం, తలకి పోసీసినాను" అంది గంగాలమ్మ, నా మొహం చూడకుండా.

"ఆస్పత్రికెల్తే పోలీసులొస్తారు, ఊరంతా పాకిపోద్ది" అన్నాడు అన్న. "పెద్దలం కూకుంటాం. మనలో మనం తేల్సుకుందాం."

"నీ పెద్దరికం తగలెయ్యా! డాక్టరు దగ్గరికని తెచ్చి తానాలు సేయిస్తారా?"

తాడు మీది బట్టలు లాగి చంకన పెట్టుకున్నాను. కూతుర్ని లేపి, రోడ్డు మీద పోతున్న ఆటో ఆపి ఎక్కించాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. అంతా కడిగేశారు, ఇంక ఏ డాక్టరు చూస్తారు దీన్ని అని.

డాక్టర్ జ్యోతిర్మయి గారు కసురుకోలేదు. "స్నానం చేసినా వైద్యం ఆగదమ్మా. కేసు పెట్టినా, పెట్టకపోయినా మందులిస్తాం. టైముకే వచ్చారు" అన్నారు. తడి బట్టలు కూడా తీసుకుని, ఉతికినా ఏమైనా దొరకొచ్చన్నారు. ప్రతి పరీక్షకీ కీర్తననే అడిగి, అది సరేనన్నాకే ముట్టుకున్నారు. గర్భం రాకుండా ఒకటి, రోగాలు అంటకుండా కొన్ని మాత్రలిచ్చారు.

మొదటి మాత్ర మింగి కీర్తన అంది:

"అమ్మా, ఆడి పేరు నాను నీకు కూడా సెప్పలేదు కదా. అత్తకెలా తెలిసింది?"

"ఏటే?"

"నీల్లు పోసీటప్పుడు అత్తే అంది. మా ఉమామహేష్ తాగిన మైకంలో సేసీసినాడు, మా తమ్ముడి బతుకు పాడుసెయ్యకే అని."

ఉమామహేష్, షెడ్డు సూపర్‌వైజరు, మా వదిన తమ్ముడు. నా చేతి కూడు ఎన్నిసార్లు తిన్నాడో! వాడే ముందు అక్కకి చెప్పుకుని ఉంటాడు. అంటే నేను ఫోన్ చేసేసరికే మా అన్నకి అంతా తెలుసు. తెలిసే నన్ను హార్బర్‌కి పంపాడు. చిన్నప్పుడు నన్ను భుజాన మోసినవాడు.

కేసు పెడతానని కీర్తనే చెప్పింది. మహిళా కానిస్టేబులు వచ్చి జరిగింది రాసుకుంది. ఉమామహేష్ పేరు నా కూతురే చెప్పింది.

"ఆస్పత్రికి రాకుండా ఆపి స్నానం చేయించింది ఎవరు?"

కీర్తన నావైపు చూసింది. నేనూ అన్న పక్షానికే వెళ్ళిపోతానేమోనని భయం దాని కళ్ళలో కనిపించింది. అంత చేశారు నా పిల్లకి.

"మా వదిన గంగాలమ్మ" అన్నాను. "సేయించినోడు వీరన్న. నా సొంత అన్న. సెప్పింది ఆడి సెల్లెలు కాంతం అని కూడా రాయండమ్మా."

కీర్తన తల దించుకుని, గ్లాసు అందుకుని, ఆ పూటకి మిగిలిన మాత్రలు వేసుకుంది.