నాలుగో ఆధారం

"ఇన్నాళ్ళకి నీ కాలక్షేపం ఇంటికి పనికొచ్చింది," అన్నాడు భర్త, ఆమె గిన్నెలు తోముతుంటే వెనక నిలబడి. మధ్యాహ్నం కంపెనీ కొనడానికి ఎవరో వస్తున్నారట. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో తమ టిఫిన్ డబ్బాల కంపెనీ వ్యాసం నెత్తిన 'ప్రచార ధోరణి' అని ఎవరో హెచ్చరిక తగిలించారు. వాళ్ళొచ్చేలోగా అది పోవాలి. ఐదేళ్ళుగా అక్కడ పొగడ్తల వ్యాసాలను చెరిగి రాళ్ళేరడమే ఆమె పని. "డబ్బులివ్వనిదాన్ని ఉద్యోగం అనరు," అని నలుగురిలో నవ్వించేవాడు అతను. ఇంటి చాకిరీకి కూడా ఎవరూ ఇచ్చింది లేదు కాబట్టి ఆ మాట ఆమెకు కొత్తగా ఏమీ తగల్లేదు.

"సొంతవాళ్ళ వ్యాసం ముట్టుకోకూడదండీ."

"నిన్నెవరు చూడొచ్చారు? అక్కడ మారుపేరుతోనే ఉన్నావుగా."

చూడ్డంలో తప్పేముందని చేతులు తుడుచుకుని వ్యాసం తెరిచింది. కంపెనీ పెట్టిన మామగారు 'దార్శనికుడు'. డబ్బా 'విప్లవాత్మకం'. ఊక దులిపేస్తే మిగిలింది ఒక్కటే సంగతి, చుక్క కూడా కారని ఆ మూతను ఆయన కనిపెట్టారని. దానికి నాలుగో ఆధారంగా పాత పేటెంటు కాగితాల స్కాను పెట్టారు. ఆఫీసువాళ్ళు బరువు కోసం బీరువాలో దొరికిందల్లా తగిలించారే తప్ప చదివిన పాపాన పోలేదు. ఆధారం కనబడితే ఆఖరి గీతదాకా చూడందే ఊరుకోని రోగం ఈమెది.

మూడో పేజీలో మూత బొమ్మ ఉంది. లోపల రబ్బరు చుట్టు, పక్కన నొక్కితే పడే కొక్కెం, ఎంతో పొందిగ్గా గీసి ఉన్నాయి. కింద 'కనిపెట్టినవారు' అన్న గడిలో అత్తగారి పేరు.

ఆమె ఆ పేరు మళ్ళీ చదివింది. పదకొండేళ్ళుగా రోజూ పొద్దున్నే నాలుగు డబ్బాలు కడుతోంది, నాలుగు మూతలు టక్కుమని వేస్తోంది. ఆ టక్కు పక్క గదిలో ఉన్న మనిషి బుర్రలో పుట్టిందా? "దానికేం తెలుసు," అని మామగారు పోయేదాకా అంటుంటే నవ్వి ఊరుకున్న ఈవిడ బుర్రలోనా? ఈ క్షణాన ఎన్ని బళ్ళలో, ఎన్ని ఫ్యాక్టరీల్లో, ఎన్ని బస్సుల్లో, ఎందరి ఒళ్ళో ఆవిడ ఆలోచన భద్రంగా మూసుకుని ఉందో తలుచుకుంటే తల తిరిగింది. ఇంత గొప్ప మనిషికి తను రోజూ మంచినీళ్ళు అందిస్తోంది, ఒక్కసారైనా సరిగ్గా చూడలేదు.

అత్తగారు ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు. ల్యాప్‌టాప్ తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని బొమ్మను చాలాసేపు చూశారు.

"దీనికి ముందు పదిహేడు చేశానమ్మాయ్. అన్నీ కారాయి. బళ్ళోంచి మీ ఆయన పుస్తకాలన్నీ తడిసి వచ్చేవి." కొక్కెం మీద వేలు పెట్టి ఆగారు. "కనిపెట్టిందెవరని పేటెంటు ఆఫీసులో గుమాస్తా అడిగాడు. మీ మామయ్య నా వంక చూశారు. ఆ ఒక్కరోజూ ఆయనకి అబద్ధం రాలేదు. తర్వాత అబద్ధమే ఇద్దరికీ అలవాటైపోయింది."

వ్యాసం పక్కనే అందరూ మాట్లాడుకునే చర్చా పేజీ ఉంటుంది. ఆమె అందులో టైపు చేసి పైకి చదివింది: "నేను ఈ ఇంటి కోడలిని. అందుకే వ్యాసంలో చెయ్యి పెట్టను. హెచ్చరిక అలాగే ఉండనివ్వండి. నాలుగో ఆధారంలో మూడో పేజీ చదివి, మూత సంగతి ఎవరైనా సరిదిద్దండి."

ముందు గదిలోంచి భర్త కేకేశాడు. "తీసేశావా?"

"లేదు," అంది. తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "ఇంట్లో పెద్ద గొడవవుతుంది అత్తయ్యా. పెట్టమంటారా?"

ఆవిడ చేతిలోని చొక్కా పక్కన పెట్టారు.

"పెట్టు. కానీ వాళ్ళు 'భర్తకు సహకరించింది' అని రాస్తారు, చూస్తూండు. 'చేసింది' అని రాయమను."