సెంగమలానికి పట్టా వచ్చిన వారం

ఆ సోమవారం సాయంత్రం నా మనవరాలు అభినయ స్కూటీకి స్టాండు కూడా సరిగ్గా వేయకుండా లోపలికి వచ్చింది. వెనకాల బండి గోడకి ఒరిగి పడింది. తను తిరిగి చూడలేదు.

"తాతా, నా ఉద్యోగం పోయేటట్టుంది."

అభినయ కదిర్కామంలో ఒక ప్రైవేటు కంప్యూటర్ కాలేజీలో పాఠం చెప్తుంది. ఆ కాలేజీ ఓనరు త్యాగరాజన్. బజార్లో గుడ్డల అంగడి వాళ్ళ పిల్లోడు. పిల్లోడంటే యాభై దాటినాయి. నా భార్య సెంగమలాన్ని అత్తా అత్తా అని పిలిచేవాడు. పోయిన సంవత్సరం నుంచి అతని పేరు ముందర డాక్టర్ అని చేరింది. పసిఫిక్ క్రౌన్ యూనివర్సిటీ అని ఇంటర్నెట్టులో ఒకటుందంట, అది ఇచ్చింది. కాలేజీ గేటు మీద ఫ్లెక్సు కట్టినారు. భుజం మీద శాలువా, చేతిలో చుట్టిన కాగితం, వెనకాల సముద్రం.

అభినయ యూట్యూబులో ఒక చానల్ నడుపుతుంది. యాడ చేరితే పిల్లలు మోసపోతారో చెప్తుంది. దొంగ యూనివర్సిటీల గురించి చెప్తా చెప్తా పసిఫిక్ క్రౌన్ పేరు కూడా చెప్పింది. త్యాగరాజన్ పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు, ఫ్లెక్సు అంత పెద్దది.

"శుక్రవారం మీటింగులో అందరి ముందర క్షమాపణ అడగాలంట. వీడియో తీసేయాలంట. లేకుంటే ఇంక కాలేజీకి రావద్దన్నాడు."

"నువ్వు చెప్పింది నిజమేనా?"

"నిజమే తాతా. ఆ యూనివర్సిటీకి ఒక బిల్డింగు కూడా లేదు. దానికి గుర్తింపు ఇచ్చినామని చెప్పే మండలి ఒకటుంది, విశ్వ విద్యా ప్రమాణ మండలి అని. అదీ వాళ్ళు పెట్టుకున్నదే. సారు నమ్మడు. మండలివాళ్ళే నా డిగ్రీ పట్టా సరి అన్నారు, నీ దగ్గర రుజువేముంది అంటాడు."

నేను గోడ మీదికి చూసినాను. అక్కడ సెంగమలం ఫోటో. అద్దం మీద గంధం, కుంకుమ. రెండు పక్కలా దండ. పైన ఎర్రటి చిన్న బల్బు.

"మీ అవ్వని అందులో చేర్పించు" అన్నాను.

వంటింట్లోంచి నా కోడలు లోగనాయకి గరిటెతోనే వచ్చింది. "ఏంది మామా ఆ మాట? అత్త పోయి మూడేండ్లాయె."

"అందుకే."

అభినయ నన్ను చూసింది, ఫోటోని చూసింది. పొద్దున్నుంచి ఏడ్చిన మొహంలో ఒక వెలుగు వచ్చింది. అది చూసినాక నా గుండె కూడా గబగబా కొట్టుకుంది. ఈ వయసులో డాక్టరు వద్దన్న పని అది.

నేను ఒక షరతు పెట్టినాను. అబద్ధం ఒక్కటి కూడా రాయకూడదు. వాళ్ళు చూసి కాదంటే వాళ్ళు మంచోళ్ళే అనుకుని శుక్రవారం పోయి క్షమాపణ అడగాల.

"సరే" అంది అభినయ.

దరఖాస్తు ఫోనులోనే రాసింది. పేరు సెంగమలం. చదువు లేదు. అనుభవం, నలభై ఏండ్ల వంట, ఇంట్లో, ఇంకా మురుంగపాక్కంలో సగం పెండ్లిండ్లలో.

"పోయినట్టు రాయడానికి చోటు లేదు తాతా."

"ఉన్న చోట రాయి."

ఇతర వివరాలు అన్నచోట రాసింది, ఫలానా సంవత్సరం, తమిళ లెక్కలో మాసి నెలలో కాలం చేసింది అని.

ఫోటో కావాలన్నారు. పటం గోడకి మేకులు కొట్టి బిగించి ఉంది. అట్లే ఫోనుతో తీద్దామని అభినయ అద్దం తుడవబోయింది. లోగనాయకి చెయ్యి పట్టుకుంది.

"అమావాస్యకి పెట్టిన బొట్టు. మళ్ళీ అమావాస్యకి నేనే తుడిచి కొత్తది పెడతాను. నడమ తాకకూడదు."

"ఇట్లే పంపితే తెలిసిపోదా అమ్మా?"

"తెలియనీ. మీ అవ్వ చదువుకోసం ఆచారం మార్చేది లేదు."

అట్లే తీసింది, బొట్టుతో, దండతో, బల్బుతో. కొత్త ఫోనుకని దాచుకున్న డబ్బు ఫీజుకి కట్టేసింది. నంబరు నాది ఇచ్చింది.

మరుసటి రోజు నేను బారుపలకల బల్ల మీద కూర్చుని వక్క కత్తిరిస్తా ఉంటే ఫోను మోగింది. ఒక అబ్బాయి. పేరు కేశవ్ అన్నాడు, యూనివర్సిటీ సలహాదారు అన్నాడు.

"సెంగమలం మేడమ్ ఉన్నారా అండి?"

"లేదు."

"ఎప్పుడొస్తారండి?"

"రాదు."

"పర్లేదండి. మీరేమవుతారు?"

"మొగుణ్ణి."

"చాలా సంతోషమండి. మేడమ్‌ది చాలా మంచి ప్రొఫైల్. అనుభవం చూసి నేరుగా హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ ఇచ్చేస్తాం. పరీక్షకి మేడమ్‌కి టైం ఉంటుందా?"

"టైముకేం. కావాల్సినంత."

"అయితే పరీక్ష రాసినట్టే పెట్టేస్తానండి. రాసింది మొత్తం చూశాను."

"మొత్తం చూసినావా?"

"లైను లైను చూశానండి."

ఫోను పెట్టేసి వక్క పక్కకి జరిపినాను. లోగనాయకిని పిలిచి చెప్పినాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏంది మామా ఆ మాట అన్న మనిషి, "మళ్ళీ చేస్తాడా మామా?" అని నా ఫోను తీసుకుపోయి వంటింట్లో పక్కన పెట్టుకుంది.

గురువారం ఫోనులోకి పట్టా వచ్చింది. అభినయ ఫోను పట్టుకుని పడమటింటికీ నడవకీ తిరగతా ఉంది. నాకు కండ్లద్దాలు దొరకలేదు. ముందు చూసింది లోగనాయకే. చూసి కిందనే కూర్చుండిపోయింది. నవ్వుతా ఉందా ఏడుస్తా ఉందా తెలియలేదు. రెండూ.

సెంగమలానికి నల్ల గౌను తొడిగినారు. తలమీద నాలుగు మూలల టోపీ. టోపీ కింద నుదుట మా గంధం, మా కుంకుమ. చెవుల పక్కన రెండు వైపులా దండ దిగి గౌను లోపలికి పోయింది. చెంప మీద ఎర్రబల్బు వెలుగు. ఆ ఫోటోనే వాళ్ళ వెబ్‌సైటులో మా విజేతలు అని పెట్టినారు. కింద ఆమె చెప్పినట్టు రాసినారు, ఈ డిగ్రీతో నా జీవితం మారిపోయింది అని.

శుక్రవారం నేనూ వస్తానన్నాను. బొట్టు చెదరకుండా మేకులు పీకి పటం దించినాను. దాన్ని తుండుగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని స్కూటీ వెనకాల కూర్చున్నాను. నెల్లితోపు సిగ్నల్ దగ్గర గాలికి గుడ్డ ఎగిరిపోయింది. దండేసిన ఫోటో చూసి ముందరున్న ఆటో అబ్బాయి బండి పక్కకి తీసి దారిచ్చినాడు. బస్సు డ్రైవరు కూడా ఆపినాడు. అందరూ మమ్మల్ని చావింటికి పోయేవాళ్ళనుకున్నారు. అభినయ వెనక్కి తిరక్కుండా, "తాతా, అవ్వ ఉంటే రోజూ ఇట్లే టైముకి పోవచ్చు" అంది. భుజాలు ఊగతా ఉన్నాయి నవ్వుకి.

మీటింగు గదిలో పదిమంది దాకా పంతుళ్ళు. త్యాగరాజన్ నన్ను చూసి లేచినాడు. "రాండి మామా. మీరెందుకు శ్రమ పడింది? చిన్న విషయం. పాప ఒక మాట అడిగేస్తే అయిపోతుంది."

"అడగతాది" అన్నాను. పటం బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నాను.

అభినయ లేచింది. "సార్, నేను తప్పు చెప్పి ఉంటే క్షమాపణ అడగతాను. దానికి ముందర ఒకటి చూడండి." ఫోనుని గోడ మీది పెద్ద తెరకి కలిపింది. మొదట మండలి వెబ్‌సైటు తెరిచింది. పట్టా నంబరు కొట్టింది. తెర మీద పచ్చ అక్షరాలు వచ్చినాయి. అభినయ చదివింది. "ఈ విద్యార్థినిని మా పరిశీలకులు బుధవారం స్వయంగా కలిసి, ప్రశ్నలు అడిగి, సంతృప్తి చెంది ధ్రువీకరించినారు."

"చూసినారా?" అన్నాడు త్యాగరాజన్, పంతుళ్ళ వైపు తిరిగి. "ఇంత పద్ధతిగా చేస్తారు. నాకూ ఇట్లే ఇచ్చినారు."

"ఈమేనండి ఆ విద్యార్థిని" అని అభినయ ఫోటో తెరిచింది.

గోడంతా సెంగమలం. టోపీ, బొట్టు, దండ. ఎవురో ఒక టీచరమ్మ "అయ్యో, పోయినామె కదా" అని చెంపలు వేసుకుంది. బొట్టూ దండా ఉన్న పటమంటే ఏందో మా ఊరివాళ్ళకి ఎవురూ చెప్పనక్కర లేదు. నేను లేచి పటం తిప్పి బల్ల మీద, త్యాగరాజన్ ముందర పెట్టినాను.

అతను చూసినాడు. చెప్పులు విడిచినాడు. ఆమె పోయిన పదహారో రోజు కర్మకి మా ఇంట్లో ఆకు ముందర కూర్చుని అన్నం తిన్న మనిషి.

"సెంగమలత్తని బుధవారం కలిసినారంటనా?" అన్నాడు మెల్లగా.

"అట్ల రాసినారు" అన్నాను. "నన్నూ పిలిచి ఉంటే పోయుండేవాణ్ణి."

ఎవురో నవ్వు ఆపుకోలేక దగ్గినారు. త్యాగరాజన్ నవ్వలేదు. తెరనే చూస్తా ఉన్నాడు.

"నన్ను కూడా స్వయంగా కలిసినట్టే రాసినారు మామా. నేనెవుర్నీ చూడలే. పెద్ద పెద్దవాళ్ళు, మనకెందుకులే అనుకున్నా." పటం వైపు తిరిగి అడిగినాడు, "అత్తకి దేంట్లో ఇచ్చినారు?"

"హోటల్ మేనేజ్‌మెంట్."

"అదన్నా నిజం. అత్త చేపల పులుసు నేను తిన్నాను. నాకిచ్చింది బిజినెస్‌లో. నా అంగడి నష్టం మా నాయనకే తెలుసు."

అప్పుడు అందరూ నవ్వినారు. అతను కూడా. నవ్వి, అభినయ వైపు తిరిగినాడు. "వీడియో తీయొద్దు. ఇది కూడా పెట్టు. సోమవారం క్లాసుకి లేటుగా రావద్దు."

"మీ పేరు చెప్పను సార్."

అతను నుదురు రుద్దుకున్నాడు. "చెప్పు. అత్త పేరు పక్కన చెప్పు. ఒక్కణ్ణే అయితే సిగ్గుగా ఉంటుంది."

మేం బయటికి వచ్చేటప్పటికి ఇద్దరు అబ్బాయిలు గేటెక్కి ఫ్లెక్సు తాళ్ళు విప్పతా ఉన్నారు.

ఆ సాయంత్రమే అభినయ వీడియో పెట్టింది. లోగనాయకి పటాన్ని మళ్ళీ గోడకి కొడతా ఉంటే మేకులు నేనందిస్తా ఉన్నాను. వీధిలో మూడిండ్ల నుంచి సెంగమలం పేరు వినపడతా ఉంది, అందరూ అదే చూస్తా ఉన్నారు. అప్పుడు ఫోను మోగింది. కేశవ్. వాడింకా చూసినట్టు లేదు.

"సార్, శుభవార్త అండి. సెంగమలం మేడమ్‌కి డాక్టరేట్ ఆఫర్ వచ్చింది. మేడమ్ ఒప్పుకుంటారా?"

నేను గోడ వైపు చూసినాను. దండ కొంచెం పక్కకి జరిగి ఉంది.

"బుధవారం కలిసింది మీరే కదా నాయనా" అన్నాను. "ఆమెనే అడుగు."